మిసిసిపీ ఒడ్డున వినోనా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రోచెస్టర్, మినియాపోలిస్, షికాగోల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చే తల్లిదండ్రులు ఎక్కువయ్యారు. నయాగరా, లాస్ వేగస్ అయిపోయాక "ఇంకేం చూడాలి?" అని గుంటూరు, విజయవాడల నుంచి ఉత్తరాలు వస్తున్నాయి. ఈసారి వచ్చినవాటిలో చాలావరకు ఒకే ఊరి గురించి ఉన్నాయి. మినెసోటా రాష్ట్రంలో, మిసిసిపీ ఒడ్డున పాతికవేల పైచిలుకు జనాభాతో ఉన్న వినోనా అది. ప్రయాణ విభాగం నుంచి జవాబులు ఇవి.

*

మా అబ్బాయి రోచెస్టర్‌లో ఉద్యోగం. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడే ఉంటాం. ముప్పావు గంటలో వినోనా వెళ్ళొచ్చని, ఒక పూట చాలని అంటున్నాడు. నిజమేనా? ఏ నెలలో వెళ్తే మేలు?
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

దారి సుమారు 45 మైళ్ళు, అంటే 72 కిలోమీటర్లు. ముప్పావు గంట కాదు గానీ గంట లోపే. ఒక పూట చాలన్న మాట మాత్రం ఒప్పుకోం. ఒక పూటలో అయితే కొండ మీద ఫొటో దిగి, ఐస్‌క్రీమ్ తిని వచ్చేస్తారు. రెండు రాత్రులుంటే కొండకో పూట, నీళ్ళకో పూట, మ్యూజియానికో పూట, సాయంత్రం నాటకానికో పూట దొరుకుతాయి.

ఊరి స్వరూపం ముందే తెలిస్తే ప్లాన్ తేలికవుతుంది. మంచుయుగంలో ఉత్తర అమెరికా మీద హిమానీనదాలు పాకినప్పుడు ఈ చుట్టుపక్కల ప్రాంతాన్ని చివరి దశల్లో వదిలేశాయి. అందుకే మిగతా మిడ్‌వెస్ట్ బల్లపరుపుగా ఉంటే ఇక్కడ నదికి రెండు వైపులా ఐదారు వందల అడుగుల నిట్టనిలువు కొండలున్నాయి. వీటిని బ్లఫ్‌లంటారు. కింద మెత్తటి ఇసుకరాయి, పైన గట్టి డోలమైట్ టోపీ. ఆ కొండలకూ నదికీ మధ్య ఇసుకమేట మీద ఊరు కూర్చుంది. ఊరి వెనక కనిపించే లేక్ వినోనా నది ఒకప్పటి పాయే.

ఇక నెలలు. ఏప్రిల్, మే మొదట్లో మంచు కరిగి నది ఉబ్బుతుంది. పాయలన్నీ ఒకటై, ఒడ్డునున్న పార్కుల్లో కొన్ని మూసేస్తారు. ఊరికి కరకట్ట ఉంది. 1965 ఏప్రిల్ వరద ఆ ఊరివాళ్ళు మర్చిపోలేనిది. జూన్, జూలైల్లో పచ్చదనం, నాటకోత్సవం బాగుంటాయి, దోమలూ ఉంటాయి. మా ఓటు సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు మధ్య వరకు. దోమలు తగ్గుతాయి, నది నిలకడగా ఉంటుంది. అక్టోబరు మొదటి రెండు వారాల్లో కొండల మీద మేపుల్, ఓక్ చెట్ల ఆకులు రంగు తిరుగుతాయి. మీ తిరుగు టికెట్ సెప్టెంబరు ఆఖరుకు ఉంటే రెండు వారాలు వెనక్కి జరపగలరేమో చూడండి.

*

షికాగోలో అమ్మాయి దగ్గర ఉన్నాం. కారు లేకుండా వినోనా వెళ్ళగలమా?
— ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

వెళ్ళగలరు. ఆమ్‌ట్రాక్ రైళ్ళు రెండున్నాయి. షికాగో నుంచి పడమటి తీరానికి పోయే ఎంపైర్ బిల్డర్ పాతది. 2024 మేలో మొదలైన బొరియాలిస్ షికాగో, సెయింట్ పాల్ మధ్య నడుస్తుంది. రెండూ వినోనాలో ఆగుతాయి. ప్రయాణం ఐదు గంటల పైమాట. వెళ్ళేటప్పుడు ఏది ఎక్కినా ఫరవాలేదు, రెండూ షికాగోలోనే బయలుదేరతాయి. తిరుగు ప్రయాణానికి మాత్రం బొరియాలిసే చూసుకోండి. ఎంపైర్ బిల్డర్ సియాటిల్ వైపు నుంచి రెండు వేల మైళ్ళు దాటుకుని వస్తుంది. దారిలో గూడ్సులకు దారి ఇస్తూ గంటల తరబడి ఆలస్యం కావడం మామూలే. విమానం పట్టుకోవాల్సిన రోజు దాన్ని నమ్ముకోకండి.

మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 50 పౌండ్ల వరకు, అంటే సుమారు 23 కిలోలు, వెంట తీసుకెళ్ళవచ్చు. వాటిని ఎక్కించడం, దించడం మీ పనే. కూలీ దొరకడు. ఆగేది కొద్ది నిమిషాలే కాబట్టి ముందు స్టేషన్ దాటగానే పెట్టెలు తలుపు దగ్గరికి చేర్చుకోండి.

వినోనా స్టేషన్ బయట టాక్సీల వరస ఉండదు. ఊరి నడిబొడ్డుకు సుమారు మైలు. పెట్టెలు తేలికైతే నడవచ్చు, లేకపోతే హోటల్‌కి ముందే ఫోన్ చేసి అడగండి. ఊళ్ళోవన్నీ కారు లేకుండా కుదురుతాయి. కొండల మీది స్టేట్ పార్కులకు మాత్రం కారు తప్పదు. ఇంకో సంగతి: పట్టాలు ఊరి మధ్యగా పోతాయి, అర్ధరాత్రి కూడా గూడ్సులు కూతేస్తాయి. నిద్ర పల్చనివాళ్ళు గది బుక్ చేసేటప్పుడు పట్టాలు ఎంత దూరమో మ్యాప్‌లో చూసుకోవాలి.

*

నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. కృష్ణా కాలువల లాకులు చూస్తూ పెరిగాను. మిసిసిపీ లాకుల్లో పదిహేను బార్జీల (సరుకు మోసే పడవల) వరస దాటుతుందంటే నమ్మకం కలగడం లేదు. ఎక్కడ చూడాలి, ఏం చూడాలి?
— ఒక పాఠకుడు, సీతానగరం, తాడేపల్లి

మీలాంటివారికి వినోనా ప్రయాణంలో ఇదే అసలు ఘట్టం. ఎగువ మిసిసిపీ మీద 29 లాకులు, అంటే పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే తలుపుల గదులు, ఉన్నాయి. వినోనా ఎగువన ఫౌంటెన్ సిటీ దగ్గర 5ఏ ఉంది. నింపాదిగా చూడాలంటే మాత్రం దిగువన లా క్రెసెంట్ దగ్గరున్న 7వ నంబరు లాకు మేలు. కారులో అరగంట. ఇంటర్‌స్టేట్ 90 అనే హైవే పక్కనే ఉంటుంది, జనం నిలబడి చూడడానికి అరుగు కట్టారు.

ముందు ఒక తేడా గుర్తుంచుకోండి. మన ప్రకాశం బ్యారేజీ సాగుకు, తాగడానికి నీళ్ళు మళ్ళించేది. ఇక్కడి ఆనకట్టలు సాగుకూ కాదు, వరద ఆపడానికీ కాదు. పడవలకు తొమ్మిది అడుగుల లోతు ఉండేట్టు చూడడమే వాటి పని. 1930లో అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన పథకం ఇది. వరద వస్తే గేట్లు పూర్తిగా నీళ్ళపైకి లేపేస్తారు, నది దాని మానాన అది పోతుంది. "ఇన్ని డ్యాములుండి వరద ఎందుకు ఆగదు?" అని పిల్లలు అడిగితే ఇదే జవాబు.

ఇక లాకు లెక్క. లాకు గది వెడల్పు 110 అడుగులు, పొడవు 600. ఒక్కో బార్జీ వెడల్పు 35, పొడవు 195 అడుగులు, మోసేది సుమారు 1,500 టన్నులు. పక్కపక్కన మూడు, ఒకదాని వెనక ఒకటి ఐదు, మొత్తం పదిహేను. వాటిని ఇనుప తాళ్ళతో బిగించి వెనకనుంచి ఒకే టోబోటు తోస్తుంది. వెడల్పు 105 అడుగులు, అంటే లాకు గోడకూ బార్జీకీ మధ్య రెండు పక్కలా కలిపి మిగిలేది ఐదడుగులే. పొడవేమో 975 అడుగులు, ఆపైన టోబోటు. ఆరు వందల అడుగుల గదిలో ఇది ఒక్కసారిగా పట్టదు. అందుకని రెండు ముక్కలు చేస్తారు.

చూడాల్సినది ఈ వరస. మొదటి తొమ్మిది బార్జీలను లోపలికి తోస్తారు. డెక్ మీది మనుషులు తాళ్ళు విప్పుతారు, టోబోటు మిగతా ఆరింటితో వెనక్కి వెళ్తుంది. తలుపులు మూస్తారు. నీటిమట్టం మారుస్తారు. టోబోటు లేని ఆ తొమ్మిదిని లాకు వించితో లాగి అవతలి గోడకు కడతారు. మళ్ళీ నీళ్ళు మార్చి ఆరు బార్జీలనూ టోబోటునూ లోపలికి తీసుకుంటారు. అటువైపు రెండు ముక్కల్నీ కలిపి మళ్ళీ బిగిస్తారు. మొత్తం గంటన్నర పడుతుంది. నీళ్ళు నింపడం మాత్రం కొద్ది నిమిషాల పనే, కాలమంతా విప్పడం, కట్టడంలోనే పోతుంది.

పంపులు ఒక్కటీ ఉండవు. గోడల లోపల సొరంగాలు, వాటికి వాల్వులు. ఎగువ వాల్వు తెరిస్తే నిండుతుంది, దిగువది తెరిస్తే ఖాళీ అవుతుంది. తలుపులు రెండూ ఎగువ వైపుకు కోణంగా ఆనుకుంటాయి, నీటి ఒత్తిడే వాటిని బిగించి ఉంచుతుంది. సూత్రం మన కాలువ లాకులదే, సైజులోనే ఉంది తేడా అంతా. 7వ లాకు దగ్గర మట్టాల తేడా ఎనిమిది అడుగులే కాబట్టి ఎత్తు చూసి ఆశ్చర్యపోయేది ఏమీ ఉండదు. కళ్ళు ఆ ఐదడుగుల సందు మీద పెట్టండి.

వెళ్ళినప్పుడల్లా బార్జీలు రావు. ఓడల కదలికలు చూపే మెరైన్ ట్రాఫిక్ లాంటి యాప్‌లో టోబోటు ఎక్కడుందో చూసి బయలుదేరండి. డిసెంబరు నుంచి మార్చి మధ్య దాకా నది గడ్డకట్టి రవాణా ఉండదు.

*

వయసు 64, మోకాళ్ళ నొప్పులు. కొండ మీది నుంచి నది చూడాలని ఉంది.
— ఒక పాఠకురాలు, కొరిటెపాడు, గుంటూరు

గార్విన్ హైట్స్‌కి వెళ్ళండి అమ్మా. కారు పైదాకా పోతుంది, పార్కింగ్ నుంచి చూసే చోటికి నాలుగడుగులు. కింద లేక్ వినోనా, దాని అవతల ఊరు, ఊరి అవతల నది, ఆపైన విస్కాన్సిన్ కొండలు ఒకే చూపులో కనిపిస్తాయి. ఉదయం వెళ్తే నది మీద పొగమంచు కప్పేసి ఏమీ కనపడకపోవచ్చు, పది దాటాక వెళ్ళండి.

ఊరికి గుర్తుగా అందరూ చూపించే షుగర్ లోఫ్ జోలికి పోవద్దు. కొండకొనన ఒంటరిగా నిలబడ్డ సుమారు 85 అడుగుల రాతిస్తంభం అది. సహజంగా అలా లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇళ్ళకూ, కాలిబాటలకూ రాయి తవ్వుకోగా మిగిలిన ముక్క. దాని పాదం దాకా దారి పొట్టిదే గానీ నిటారు, దిగేటప్పుడు మోకాళ్ళ మీద భారమంతా పడుతుంది. కింద లేక్ వినోనా గట్టు మీద నుంచి చూస్తేనే దాని ఆకారం బాగా తెలుస్తుంది. ఆ గట్టు చుట్టూ ఐదు మైళ్ళకు పైగా చదునైన తారుదారి ఉంది, మధ్యలో బెంచీలున్నాయి. ఓపిక ఉన్నంత నడిచి వెనక్కి రావచ్చు.

కొంచెం నడవగలిగితే ఆగ్నేయంగా ఇరవై మైళ్ళ దూరంలో గ్రేట్ రివర్ బ్లఫ్స్ స్టేట్ పార్కు. అక్కడ కారు కొండ మీదకే చేరుతుంది కాబట్టి కింగ్స్ బ్లఫ్ కొన దాకా బాట చాలావరకు చదును. రానూపోనూ సుమారు రెండున్నర మైళ్ళు. మినెసోటా స్టేట్ పార్కుల్లో కారుకు పర్మిట్ కావాలి, రోజుకూ ఏడాదికీ ఇస్తారు. వేసవంతా ఉండేవారికి ఏడాది పర్మిటే లాభం. ఒక్క జాగ్రత్త: ఆ కొనన కంచె ఉండదు, కింద వందల అడుగుల లోయ. మనవళ్ళ చెయ్యి వదలకండి, అంచున సెల్ఫీలు వద్దు.

మీ ఇంట్లో కుర్రవాళ్ళు ఇంద్రకీలాద్రి మెట్లు ఆగకుండా ఎక్కేవాళ్ళయితే, వాళ్ళని ఎగువనున్న జాన్ లాట్ష్ స్టేట్ పార్కుకు పంపండి. వందల చెక్కమెట్లు ఎక్కితే పైన ఎవరూ ఉండరు, నది మాత్రం ఉంటుంది. లాట్ష్ అనే ఆయన వినోనాలో కిరాణా టోకు వ్యాపారి. కొన్న భూములు ఊరికీ రాష్ట్రానికీ పార్కుల కోసం ఇచ్చేశారు. ఊళ్ళో ఆయన పేరు చాలాచోట్ల కనిపిస్తుంది.

*

మనవడికి పన్నెండేళ్ళు, కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) వేస్తానంటున్నాడు. భవానీ ద్వీపం బోటు తప్ప మాకు నీళ్ళ మీద అనుభవం లేదు. పంపవచ్చా?
— ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

పంపవచ్చు, ప్రధాన పాయలోకి మాత్రం కాదు. వినోనా దగ్గర ప్రెయిరీ ఐలాండ్ చుట్టూ చిన్న పాయలు, మడుగులు ఉన్నాయి. కొత్తవాళ్ళకు అవే చాలు. కలువలు, బాతులు, తాబేళ్ళు, ఒడ్డున చెట్లు కొరికిన బీవర్లు, అన్నీ అక్కడే ఉన్నాయి. 1924లో ఏర్పాటైన జాతీయ వన్యప్రాణి ఆశ్రయంలో ఈ పాయలు భాగం. అది నది వెంట 261 మైళ్ళు సాగుతుంది.

లైఫ్ జాకెట్ గురించి ముందు. మినెసోటా చట్టం ప్రకారం పడవలో మనిషికొకటి ఉండి తీరాలి, పదేళ్ళ లోపు పిల్లలు తొడుక్కునే ఉండాలి. మీవాడికి పన్నెండు కాబట్టి తొడుక్కోకపోయినా చట్టం ఒప్పుకుంటుంది, మీరు ఒప్పుకోకండి. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర బోటు బోల్తాపడిన రోజును విజయవాడవాళ్ళకు మేం గుర్తుచేయనక్కర్లేదు. జాకెట్ సైజు చూసే పద్ధతి: బకిళ్ళన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే పెద్దదైనట్టు. నీళ్ళలో పడితే జాకెట్ తేలుతుంది, మనిషి కిందికి జారిపోతాడు.

సమయం ఉదయం. మధ్యాహ్నానికి లోయలో గాలి లేస్తుంది, ఎదురుగాలికి పన్నెండేళ్ళ చేతులు చాలవు. వెళ్ళేటప్పుడు ప్రవాహానికి ఎదురు, వచ్చేటప్పుడు వాలుకి, ఈ వరస తప్పకూడదు. హుషారుగా వాలుకి పోయి, అలసిపోయాక ఎదురీదడమే చాలామంది చేసే పొరపాటు. మొదటిసారికి రెండు గంటలు మించవద్దు. ఆగస్టులో నీళ్ళు తగ్గి, నాచు, కలువ ఆకులు కమ్మేసి కొన్ని పాయల్లో కయాక్ ఇరుక్కుంటుంది. ఏ పాయ తెరిచి ఉందో అద్దెకిచ్చేవాళ్ళని అడగాలి. మే మొదట్లో ఎండ బాగా కాస్తున్నా నీళ్ళు 15 డిగ్రీల లోపే ఉంటాయి. అంత చలినీళ్ళలో పడగానే ఊపిరి ఎగదన్ని నీళ్ళు మింగుతారు. ఈత వచ్చినవాళ్ళూ మునిగేది అందుకే. జూన్ మధ్య దాకా ఆగండి.

ప్రధాన పాయలో ఏమవుతుంది? టోబోటు నడిపేవాడికి ముందున్న బార్జీల అడ్డం వల్ల వందల అడుగుల మేర నీళ్ళు కనపడవు. చూసినా ఆపలేడు. నిండు బార్జీల వరస ఆగడానికి మైలు దాకా పడుతుంది. రెండోది, ఒడ్డు నుంచి పాయలోకి అడ్డంగా మునిగి ఉన్న రాతి గట్లు. నీళ్ళను మధ్యకు తోసి లోతు పెంచడానికి 1800ల చివర్లో వేసినవి. వాటిని వింగ్ డ్యాములంటారు. పైనుంచి చూస్తే గీతగా పారే అలల వరస తప్ప ఏమీ తెలియదు. మూడోది ఆనకట్టలు. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర చేసిన నష్టం మీరు చూశారు. గేట్ల వైపు లాగే నీటికి అంత బలం ఉంటుంది. ఆనకట్టకు ఎగువా దిగువా నిషేధ హద్దులు బోర్డులతో ఉంటాయి, దరిదాపులకు పోవద్దు.

ఇసుక తిన్నెల మీద ఆడుకునే పిల్లల విషయంలోనూ ఒకటి చెప్పాలి. పెద్ద బార్జీల వరస పోతుంటే ఒడ్డున నీళ్ళు ముందు వెనక్కి లాక్కుపోయి, క్షణాల్లో అలగా తిరిగొస్తాయి. టోబోటు కనపడగానే పిల్లల్ని ఒడ్డుమీదికి పిలవండి. ఆ తిన్నెల అంచు ఒక్కసారిగా లోతులోకి జారుతుంది, మోకాటి లోతు నుంచి రెండడుగులు వేస్తే తల మునుగుతుంది.

*

నాటకాలంటే ఇష్టం. వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో పరిషత్తు నాటకాలు వదలను. అక్కడ సాయంత్రాలు ఏమైనా ఉంటాయా?
— ఒక పాఠకుడు, గుంటూరు

ఉంటాయి, ఆ సైజు ఊరికి ఎక్కువే. 2004 నుంచి ఏటా వేసవిలో గ్రేట్ రివర్ షేక్స్‌పియర్ ఫెస్టివల్ జరుగుతోంది. జూన్ చివరి నుంచి నెల పైన ఉంటుంది. వృత్తి నటులు వస్తారు, నాటకాలు మార్చి మార్చి వేస్తారు కాబట్టి రెండు రాత్రులుంటే రెండు నాటకాలు చూడవచ్చు. షేక్స్‌పియర్ ఇంగ్లిష్ చెవికి అందదని భయపడకండి. ముందురోజు కథ తెలుగులో చదువుకుని వెళ్ళండి, హాస్యనాటకం ఎంచుకోండి, ముందు వరసల్లో కూర్చోండి. నటుడి మొహం కనిపిస్తే సగం భాష అదే. హాల్లో ఏసీ మనవాళ్ళకు చలి, శాలువా తీసుకెళ్ళండి. మొదలయ్యాక తలుపులు మూస్తారు, పది నిమిషాలు ఆలస్యమైనా ఫరవాలేదనే లెక్క అక్కడ పనిచేయదు.

పగలు మినెసోటా మెరైన్ ఆర్ట్ మ్యూజియం. 2006లో నది ఒడ్డునే తెరిచారు. నీళ్ళు, ఓడలు, తీరాలు ఇతివృత్తంగా ఉన్న చిత్రాలకే కేటాయించిన మ్యూజియం సముద్రానికి వెయ్యి మైళ్ళ దూరంలో ఉండడం తమాషాయే. పాత గైడు పుస్తకాలు చూసి వెళ్ళేవారికి ఒక హెచ్చరిక. జార్జ్ వాషింగ్టన్ డెలావేర్ నది దాటుతున్నట్టు లాయిట్జె అనే చిత్రకారుడు వేసిన చిత్రం, దాని చిన్న రూపం, అక్కడ ఉండేది. 2022లో వేలంలో నాలుగున్నర కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. ఇప్పుడు వెతకకండి. చిన్న ఊళ్ళ మ్యూజియాలు సోమవారం చాలావరకు తెరవవు, ఆ రోజు కొండలకు పెట్టుకోండి.

డౌన్‌టౌన్‌లో ఖర్చు లేని వినోదం బ్యాంకులు చూడడం. నవ్వులాటకు అనడం లేదు. 1912లో పర్సెల్, ఎల్మ్‌స్లీ అనే వాస్తుశిల్పులు కట్టిన మర్చంట్స్ బ్యాంకు ప్రెయిరీ అనే అమెరికన్ వాస్తుశైలికి పేరుపడ్డ కట్టడం. లోపల రంగు గాజు గోడంతా పరుచుకుని ఉంటుంది. బ్యాంకు వేళల్లో వెళ్ళి, ఫొటో తీసే ముందు అడగండి, కౌంటర్ల దగ్గరి మనుషులు ఫ్రేములో పడకుండా చూసుకోండి. జార్జ్ మాహెర్ గీసిన వాట్కిన్స్ కంపెనీ కార్యాలయంలో గాజు మీద షుగర్ లోఫ్ బొమ్మే ఉంది. వాట్కిన్స్ 1868లో లేపనం అమ్మడంతో మొదలై, 1885లో వినోనాకు మారింది. ఇంటింటికీ తిరిగి మసాలాలు, వెనిల్లా అమ్మి పెరిగింది. చుట్టాలకు వెనిల్లా సీసాలు కొనేవారికి ఒక మాట: అమెరికాలో వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్ అని అమ్మేదానిలో కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలన్నది నిబంధన. పట్టింపు ఉన్న ఇళ్ళకు పనికిరాదు.

ఊరి తూర్పు వైపు పోలండ్ నుంచి వచ్చిన కషూబియన్లు స్థిరపడ్డ పేట, వాళ్ళ మ్యూజియం, 1895 నాటి సెయింట్ స్టానిస్లాస్ చర్చి ఉన్నాయి. గుమ్మటం కింద నిలబడి పైకి చూడడానికైనా వెళ్ళవచ్చు.

వీటన్నిటికంటే ముందు ఇది ఇక్కడి మూలవాసులైన డకోటాల నేల. వపాషా నాయకత్వంలోని తెగ వేసవి గ్రామం ఇక్కడ ఉండేది. 1851 ఒప్పందాలతో ఆ భూమి పోయింది, అదే ఏడాది ఓరిన్ స్మిత్ అనే స్టీమర్ కెప్టెన్ ఊరికి పునాది వేశాడు. 1862లో అమెరికా సైన్యంతో జరిగిన యుద్ధం తర్వాత డకోటాలను రాష్ట్రం నుంచే వెళ్ళగొట్టారు. విండమ్ పార్కులో ఫౌంటెన్ మీదున్న "వినోనా రాకుమారి" విగ్రహం 1902లో వలసవచ్చినవాళ్ళ ఊహతో పెట్టుకున్నది. చూడండి, డకోటాల చరిత్ర మాత్రం దాన్నుంచి నేర్చుకోకండి.

*

శాకాహారులం. ఉల్లి, వెల్లుల్లి ఫరవాలేదు, గుడ్డు కూడా తినం. చిన్న ఊళ్ళో తిండి ఎలా?
— ఒక పాఠకురాలు, లక్ష్మీపురం, గుంటూరు

వంటిల్లున్న గది తీసుకోండి, సగం బెంగ పోతుంది. ఇక్కడి నుంచి రైస్ కుక్కర్ మాత్రం మోసుకెళ్ళకండి. అక్కడ కరెంటు 120 వోల్టులు, మన కుక్కర్ 230కి చేసింది. వోల్టేజీ సగమైతే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. ప్లగ్గు మార్చే అడాప్టర్ పెట్టినా బియ్యం నానుతుందే గానీ ఉడకదు. పిల్లల ఇంట్లో ఉన్నదే కారులో వేసుకోండి.

హోటళ్ళలో మాంసం కనపడకుండా దాగుండే చోట్లు ఇవి. ఆ ప్రాంతానికి ప్రత్యేకమైన వైల్డ్ రైస్ సూప్ సాధారణంగా కోడి రసంతో చేస్తారు, "ముక్కలు తీసేయండి" అంటే సరిపోదు. వేయించిన చీజ్ కర్డ్స్ విస్కాన్సిన్ సరిహద్దులో ప్రతి చోటా దొరుకుతాయి. పాలు విరగ్గొట్టడానికి వాడే రెన్నెట్ జంతువుదీ కావచ్చు, పైపిండిలో గుడ్డూ ఉండవచ్చు. 'పై' అనే బేకరీ వంటకం అట్టలకు పంది కొవ్వు (లార్డ్) వాడే బేకరీలున్నాయి. "వెజిటేరియనా?" అని అడిగితే అవుననేస్తారు. "కోడి రసం ఉందా, గుడ్డు ఉందా, లార్డ్ ఉందా?" అని విడివిడిగా అడగండి.

గుంటూరు నుంచి తీసుకెళ్ళేవాటిలో సీలు వేసిన ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడులు కస్టమ్స్‌లో చెప్పి తీసుకెళ్ళవచ్చు. పచ్చి కరివేపాకు, పండ్లు, మాంసం పచ్చళ్ళు కుదరవు. బియ్యం, శనగలు కూడా ఇండియా నుంచి ప్రయాణికులు తీసుకురాకూడదు. ఖాప్రా అనే పురుగు భయం వాళ్ళకు. ఫారంలో దాచి పట్టుబడితే జరిమానా, చెప్పేస్తే మహా అయితే చెత్తబుట్టలో వేస్తారు.

*

ఆ అడవుల్లో పాములుంటాయా? పురుగులేవో జ్వరం తెప్పిస్తాయని విన్నాం.
— ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

బండల మీద టింబర్ రాటిల్‌స్నేక్ ఉంటుంది గానీ అరుదు. రాష్ట్రం రక్షించే జాతి అది, కనపడితే పక్కకు తప్పుకోండి, కొట్టకూడదు. భయపడాల్సింది పామునుంచి కాదు, గోమారి జాతికి చెందిన టిక్ నుంచి. నువ్వుగింజంత ఉండే నల్లకాళ్ళ టిక్ లైమ్ జ్వరం అంటిస్తుంది. మే మధ్య నుంచి జూలై మధ్య దాకా ఎక్కువ. సాధారణంగా ఒక రోజు పైన పట్టుకుని ఉంటేనే క్రిమి ఎక్కుతుంది కాబట్టి, ఆ రాత్రే వెతికి తీసేస్తే చాలావరకు ముప్పు తప్పుతుంది.

లేతరంగు ప్యాంటు, అంచులు సాక్సు లోపలికి. పురుగుల్ని దూరం పెట్టే డీట్ అనే రసాయనం 20 నుంచి 30 శాతం ఉన్న మందు ఒంటికి. గదికి రాగానే స్నానం. మోకాళ్ళ వెనక, చంకలు, నడుము, చెవుల వెనక, పిల్లల తలలో చూడాలి. చీరకట్టులో వెళ్తే కుచ్చిళ్ళు గడ్డిని ఊడ్చుకుంటూ పోతాయి, ఆ రోజుకు సల్వారో ప్యాంటో మేలు. టిక్ అంటుకుంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా, తిన్నగా లాగండి. నూనె పోయడం, అగ్గిపుల్ల పెట్టడం వద్దు. నెల లోపు జ్వరమో, చుట్టూ వలయంలా ఎర్రటి మచ్చో వస్తే డాక్టరుకు చెప్పండి. ఇండియాకు తిరిగొచ్చాక వస్తే "టిక్ కుట్టింది" అని మీరే చెప్పాలి, ఇక్కడి డాక్టరుకు అది తట్టదు.

మూడేసి ఆకులున్న పాయిజన్ ఐవీ తగిలితే వెంటనే సబ్బుతో కడగండి. పసుపు గొడుగు పూల వైల్డ్ పార్స్‌నిప్ రసం పడ్డచోట ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలెక్కుతుంది. పూలు బాగున్నాయని కోయకండి.

*

డిసెంబరులో వెళ్తున్నాం. చలికాలంలో ఏమైనా ఉంటుందా?
— ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

గద్దలు. ఎగువన సుమారు ముప్పై మైళ్ళ దూరంలోని వబాషాలో నేషనల్ ఈగిల్ సెంటర్ ఉంది. చిప్పెవా నది వచ్చి కలిసే చోట మిసిసిపీ గడ్డకట్టదు, అందుకే చేపల కోసం బాల్డ్ ఈగిల్స్ అక్కడ గుమిగూడతాయి. లోపల దెబ్బతిని ఎగరలేని గద్దలను చేరువగా చూపిస్తారు, మీరు వెచ్చగా కూర్చునే చూడవచ్చు. నవంబరులో వెళ్ళేవాళ్ళయితే దిగువన బ్రౌన్స్‌విల్ దగ్గర వేలాది టండ్రా హంసలు దిగుతాయి.

జనవరి రాత్రులు మైనస్ 13, 15 మామూలే. మోకాళ్ళ దాకా కోటు, నీళ్ళు దిగని బూట్లు, చెవులు కప్పే టోపీ అక్కడే కొనుక్కోండి. గడ్డకట్టిన చెరువు మీద నడవాలంటే కొత్త గట్టి మంచు కనీసం నాలుగు అంగుళాలుండాలని రాష్ట్ర సహజవనరుల శాఖ చెబుతుంది. నది మంచును ఆ లెక్కన నమ్మకూడదు. కింద ప్రవాహం దాన్ని చోటుకో మందంగా కోసేస్తుంది.

*

గాలం వేయాలంటే లైసెన్సు కావాలా?
— ఒక పాఠకుడు, గవర్నరుపేట, విజయవాడ

కావాలి. మరో రాష్ట్రం, మరో దేశం నుంచి వచ్చిన పదహారేళ్ళు నిండినవారందరికీ. ఒక్క రోజుకు, మూడు రోజులకు కూడా ఇస్తారు. గాలం సామాన్ల దుకాణాల్లో పాస్‌పోర్టు చూపించి తీసుకోవచ్చు. సరిహద్దు నది కాబట్టి మినెసోటాది ఉన్నా, విస్కాన్సిన్‌ది ఉన్నా ప్రధాన పాయలో చెల్లుతుంది. లోపలి చెరువులకు చెల్లదు. వాలై, క్యాట్‌ఫిష్, బ్లూగిల్ పడతాయి. ఏ చేప ఎన్ని, ఎంత పొడవుంటే ఉంచుకోవచ్చో లైసెన్సుతో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. కొలబద్ద వెంట ఉంచుకోండి. పడవ బయటికి తీసేటప్పుడు అడుగు బిరడా విప్పి నీళ్ళన్నీ వదలాలి, నాచు తీసేయాలి. జీబ్రా మసెల్ అనే గుల్ల పురుగు ఆ నీళ్ళతో చెరువులకు పాకుతుందని చట్టమే చేశారు, అధికారులు రేవుల దగ్గర ఆపి చూస్తారు.